దిగుటకు ఇంత నేల



హిందూదేశపు పటమును ముందు పరచుకొని నాగపూరు మీద ఒక వ్రేలు, మద్రాసు మీద ఒక వ్రేలు ఉంచి, నడుమ ఒక దారమును బిగించి చూడుడు. ఆ దారము వార్ధా, పెన్‌గంగ ప్రాంతములను దాటి ఆసిఫాబాదు కొండలమీదుగా వచ్చి, మంచిర్యాల దగ్గర గోదావరిని దాటి, పెద్దపల్లికి సమీపముగా ఓరుగంటి వైపు సాగిపోవును. అనగా మన ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాల నడినెత్తి మీదుగా పోవునన్నమాట. ఈ సాయంకాలము నేను మీకు మనవి చేయదలచిన చరిత్ర ఆ దారము వెంబడి నడచినది.

మాది పెద్దపల్లి ప్రాంతపు పల్లె. నా చిన్నతనమున రాత్రివేళ వాకిట మంచము మీద పరుండినప్పుడు, నడిరేయి కాకమునుపు దక్షిణమునుండి ఒక మోత వచ్చి ఉత్తరమునకు పోయెడిది. తెల్లవారుటకు ముందు అట్టి మోతయే ఉత్తరమునుండి వచ్చి దక్షిణమునకు పోయెడిది. మొదట మా ఊరివారు దానిని దయ్యమనిరి, తరువాత గాలిమోటరనిరి, కొన్నాళ్ళకు దానికి పేరు పెట్టుటయే మానిరి. మా తాతగారు మాత్రము రెండవ మోతను గడియారముగా వాడుకొనిరి. అది వినబడగనే లేచి, ఎడ్లకు మేత వేసి, మోట కొట్టుటకు బయలుదేరెడివారు. ఆ మోత చేయునది ఉత్తరములు మోయు విమానమని నాకు బడిలో పంతులుగారు చెప్పిరి.

ఆ ఏర్పాటు ఎట్లు వచ్చినదో కొంచెము చెప్పవలెను. 1949 జనవరిలో రాత్రి టపా విమానములు ఆరంభమైనవి. దీనిని తలపెట్టినవారు అప్పటి కేంద్ర సమాచార మంత్రి రఫీ అహమ్మదు కిద్వాయి గారు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు – ఈ నాలుగు పట్టణములనుండి నాలుగు విమానములు సాయంకాలము తరువాత బయలుదేరి, నడిరాత్రికి నాగపూరు చేరెడివి. అచట సంచులు ఒకదానినుండి మరియొకదానికి మారెడివి. పిమ్మట ఏ విమానము ఆ ఊరికి మరలి, తెల్లవారునప్పటికి టపా చేర్చెడిది. మన సంతలో నాలుగు ఊళ్ళ బండ్లు ఒక చెట్టుక్రింద విడిసి సరకులు మార్చుకొనుట వంటిదే ఇది. అదే సంవత్సరము ఏప్రిలు 1 నుండి మామూలు బిళ్ళ అంటించిన జాబులను గూడ, వేరే రుసుము లేకయే, విమానమున పంపు పద్ధతి వచ్చినది. అందువలన విమానమును కంటితో చూడని మా తాతగారి కార్డు గూడ విమానప్రయాణము చేసినది.

దీనికి పదునేడేండ్ల ముందు, అనగా 1932 అక్టోబరు 15న, జె. ఆర్. డి. టాటాగారు ఒంటి ఇంజను గల పుస్ మాత్ అను చిన్న విమానమున కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చిరి. అహమ్మదాబాదులో ఆ విమానమునకు పెట్రోలు డబ్బాలు ఎద్దుబండిమీద వచ్చినవని చెప్పుదురు. బొంబాయినుండి నెవిల్ విన్సెంటు అను దొర బళ్ళారి మీదుగా దానిని మద్రాసు చేర్చెను. 1930ల నడుమ ఆ మార్గము మన హైదరాబాదునకు మళ్ళినది. ఒక్క ఇంజను, ఒక్క మనిషి, క్రింద ఎచట దిగవలసివచ్చునో తెలియని నేల. అప్పటి వైమానికునికి ధైర్యమన్నది అదియే.

ఇచట ఒక చిన్న మాట. విమానములతో మన రాజ్యమునకు సంబంధము అంతకన్న పాతది. మొదటి ప్రపంచయుద్ధము చివర, 1918లో, నిజాము ప్రభువు ఇచ్చిన ధనముతో ఇంగ్లీషువారి 110వ దళమునకు డి. హెచ్. 9ఎ విమానములు సమకూరినవి. ఆ దళమునకు హైదరాబాదు పేరే పెట్టిరి. ఆ ధనము మన రైతు కట్టిన శిస్తునుండి వచ్చినదేగదా! ఆ విమానములు ఫ్రాన్సునుండి ఎగిరి జర్మనీపై బాంబులు వేసినవి. మన చెలకల మీద వాని నీడ పడలేదు. నిజాము ప్రభుత్వము టాటావారితో కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించిన పిమ్మటనే మనకు మన సొంత విమానములు వచ్చినవి. 1953 ఆగష్టు 1న ఆ కంపెనీయు, తక్కిన కంపెనీలును కలిసిపోయి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయినది.

అట్లు ఏకమైన అయిదవ నెలలో జరిగినదే నేను చెప్పబోవు సంగతి.

1953 డిసెంబరు 12, తెల్లవారుటకు ముందు. నాగపూరున సంచులు మారినవి. మద్రాసునకు పోవలసిన డకోటా విమానము నేలను విడిచెను. డకోటాకు రెండు ఇంజనులు. ఒక్కొక్కటి 1,200 గుఱ్ఱముల బలము గలది. తగిన ఎత్తునకు, తగిన వేగమునకు చేరిన తరువాత ఒక ఇంజను ఆగినను రెండవదానితో డకోటా పోగలదు. కాని నిండు బరువుతో అప్పుడే నేలను విడిచి, వేగము ఇంకను పుంజుకొనని కొలది క్షణములు గలవు. ఆ క్షణములలో ఒక ఇంజను తగ్గినచో, మిగిలినది విమానమును మోయజాలకపోవుటయే గాక, ఒక్క వైపునుండి లాగి దానిని ప్రక్కకు త్రిప్పును. ఏటవాలు గడ్డను ఎక్కునప్పుడు జోడెడ్లలో ఒకటి మోకాళ్ళమీద పడినట్లు తలచుడు. రెండవ ఎద్దు ఎంత బలమైనదైనను బండి నిలువదు, పక్కకు తిరుగును.

ఆ రాత్రి ఎడమ ఇంజను సరిగా ఆ క్షణములలోనే బలము కోల్పోయెను. చోదకుడు ముందున్న నేలపైననే దింపుటకు యత్నించెను. ఆ నేల విమానమునకై చదును చేసినది కాదు. చీకటి. విమానము విరిగి మంటలు లేచినవి. అందున్న 14 మందిలో 13 మంది మరణించిరి. చోదకుడొక్కడు మిగిలెను.

ఆ తెల్లవారుజామున మా ఊరిమీద రెండవ మోత వినబడలేదని చెప్పుటకు నాకు సాహసము చాలదు. తొమ్మిదేండ్ల పిల్లవాడు నిద్రలో ఏమి వినును! తాతగారు ఆ దినము ఆలస్యముగా లేచిరనియు, ఎడ్లు అఱచువరకు తెలియలేదనియు మా అవ్వ తరువాత చాల యేండ్లు చెప్పుకొనెడిది. కొన్ని దినములకు పత్రిక మా ఊరు చేరినది. పంతులుగారు అరుగుమీద కూర్చుండి చదివి వినిపించిరి. తాతగారు అంతయు విని ఒక్క ప్రశ్న అడిగిరి. "గంత పెద్ద దేశంల దిగనీకి గింత జాగ దొరకలేదా పంతులూ?"

ఆ ప్రశ్నకు పంతులుగారు బదులు చెప్పలేదు. నేను పెద్దవాడనై, విమానముల గూర్చి దొరకిన పుస్తకములన్నియు చదివినది, నిజము చెప్పవలెనన్న, ఆ బదులు కొరకే.

ఇంజను ఆగినంతనే విమానము రాయివలె పడునని మనలో పెక్కురు తలంతురు. అది సరికాదు. రెక్కలు గాలిమీద ఆని యుండును. ముక్కు కొంచెము వంచి, వేగము నిలుపుకొన్నచో విమానము జారుచు పోవును. నేటి శిక్షణ విమానములలో ఎక్కువగా వాడు సెస్నా అను చిన్న విమానము, ఇంజను ఆగిన పిదప, తానున్న ఎత్తునకు దాదాపు తొమ్మిదింతల దూరము జారగలదు. నేలకు 900 మీటర్ల ఎత్తున ఆగినచో సుమారు 8 కిలోమీటర్లు, మన పాతలెక్కలో రెండున్నర కోసులు. కాలమా, నాలుగు నిమిషములు. అంతలో గాలి ఎటు వీచుచున్నదో చూడవలెను, నేల ఎంచుకొనవలెను, ఇంజనును మరల నడిపింపుటకు ఒకటి రెండు యత్నములు చేయవలెను, రేడియోలో మాట చెప్పవలెను.

ఆగుటకు కారణములు పెద్దవి కానక్కరలేదు. పెట్రోలులో నీటి బొట్టు చేరవచ్చును. నూనె కారిపోవచ్చును. నిప్పురవ్వ పుట్టించు సాధనము చెడవచ్చును. మీరు నమ్మనిది ఒకటి గలదు. తేమ ఎక్కువగానున్న దినమున, మనకు చెమట పట్టు వేడిలో గూడ, ఇంజనులోనికి గాలి పీల్చు గొట్టమున మంచు పేరుకొని, ఊపిరి ఆడక, ఇంజను నిలిచిపోవచ్చును. పెట్రోలు ఆవిరియగునపుడు చుట్టున్న వేడిని లాగుకొనుటవలన ఇట్లు జరుగును. కొత్తకుండలో నీరు చల్లబడుటకు కారణమును ఇదియే.

రెండవ ప్రపంచయుద్ధకాలమున బేగంపేటలో చోదకులకు ప్రాథమిక శిక్షణ ఇచ్చు పాఠశాల యుండెను. టైగర్ మాత్ అను రెండంతస్తుల రెక్కల విమానములమీద నేర్పుచుండిరి. అట్టి పాఠశాలలన్నిటను, నాడైనను నేడైనను, ఒక పాఠము తప్పదు. గురువు మాట చెప్పకుండ ఇంజను బలము తగ్గించివేసి, "ఇప్పుడు ఎచట దిగుదువు?" అని అడుగును. శిష్యుడు చేయి చూపవలెను. మంచి చోదకుడు ఇంజను చక్కగా పాడుచున్నప్పుడు గూడ ప్రతి నిమిషము క్రింద ఒక నేలను మనసున గుఱుతు పెట్టుకొని పోవునట. బాటసారి నీళ్ళున్న బావులను లెక్కపెట్టుకొని నడచినట్లు.

మరి మన నేల పైనుండి అతనికి ఎట్లు కనబడును? ఇది మీకు నాకన్న బాగుగా తెలిసిన విషయము. నేను పైనుండి చూచువాని కన్నుతో చెప్పుచున్నాను, అంతే.

వానకాలమున వరిమళ్ళు పచ్చని పట్టుబట్టవలె చదునుగా కనబడును. వానిని నమ్మి దిగిన చక్రములు బురదలో దిగబడి, విమానము గట్టుకు తగిలి తలక్రిందగును. ఆదిలాబాదు రేగడి ఎండకాలమున పలకవలె గట్టిగానుండి, వాన పడిన మరునాడు బండిచక్రమునే వదలదు, విమానచక్రమును వదలునా! పత్తి చేలు కొంత మేలు, సాళ్ళ వెంబడి దిగిననే. కరీంనగరు వైపు చెలకలు గట్టివే, కాని గుండ్లు, రాతిబోళ్ళు ఎచట లేవు! అంతకన్న మోసము మన మోటబావులు. ఒడ్డు కట్టని పెద్దబావి ఎత్తునుండి చూచువానికి చెట్టునీడవలె కనబడును. నేడు వీనికి తోడు కరెంటు తీగలు వచ్చినవి. స్తంభము కనబడును, తీగ కనబడదు. అందుచేత చోదకులు స్తంభముల వరుసను చూచి తీగ ఉన్నదని ఊహింతురు.

గోదావరి ఇసుక విశాలమైనదే గాని మెత్తనిది. తిర్యాణి, ఉట్నూరు, కవ్వాల ప్రాంతముల టేకు అడవి గూర్చి చెప్పనక్కరలేదు. అచట విమానము దిగదు, చెట్ల కొసలమీద పరుండును. అడవి దానిని మూసికొన్న పిమ్మట వెదకుట ఎంత కష్టమో 2009లో మనమందరము చూచితిమి. ఆ సంవత్సరము సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు నల్లమలలో కూలగా, మరునాటి ఉదయమునకుగాని దాని జాడ తెలియలేదు.

అన్నిటికన్న మేలైనది వేసవిలో ఎండిన చెరువు శికము. చదును, గట్టి, చెట్టులేదు, తీగలేదు. కాని అదే చెరువు నీరున్నప్పుడు పైవానికి నేలవలె భ్రమ కలిగింపవచ్చును. 2002 మార్చి 3న లోక్‌సభాపతి బాలయోగిగారు ప్రయాణించిన హెలికాప్టరు కృష్ణాజిల్లా కైకలూరు దగ్గర దిగబోయి చేపల చెరువులో పడి, అందున్న ముగ్గురును మరణించిరి. ఆ ప్రాంతమున మంచు కమ్మిన వేళ నీరేదో నేలయేదో తెలియుట సులభము కాదు.

ఇట్లు చూచినచో తాతగారి ప్రశ్నకు సగము బదులు దొరకినది. జాగ యున్నది. అది దిగదగినదని పైవానికి ముందుగా తెలిసి యుండవలెను. అందుకే పాత ప్రభుత్వములు విమానమార్గముల వెంబడి, అవసరము కలుగునో లేదో యని చూడక, కొంత నేలను చదునుచేసి యుంచినవి. ఆదిలాబాదు పట్టణమువద్ద నిజాము కాలమునుండి యున్న 369 ఎకరముల విమానస్థలము అట్టి ముందుచూపుతో మిగిలినదే. అది తరువాత రక్షణశాఖ చేతిలో నుండెను. ఎన్నో యేండ్లు అది పశువులు మేయుటకును, తెల్లవారి నడచువారికిని పనికివచ్చినదే గాని విమానమునకు పనికిరాలేదు. "గది ఊకెనే పడి ఉన్నది, ఇండ్లజాగలిస్తే మేలుగద!" అని నాతో వాదించిన మిత్రులు గలరు. 2025లో అచట పౌరవిమానములకు గూడ చోటిచ్చుటకు రక్షణశాఖ సమ్మతించుటతో ఆ వాదము ఇప్పటికి ఆగినది. రామగుండము దగ్గర బసంతనగరమున సిమెంటు కర్మాగారమువారు వేసిన మైదానము ఒకటి గలదు. 1980లలో వాయుదూత్ వారి చిన్న విమానములు అచటికి వచ్చెడివి. తరువాత నిలిచినవి.

ఊరకే పడియున్న మైదానము ఏమి చేయగలదో తెలియుటకు మనము కొంచెము దూరము, కెనడా దేశమునకు, పోవలెను. 1983 జులై 23న అచట బోయింగు 767 అను పెద్ద విమానము 41,000 అడుగుల ఎత్తున పోవుచు, రెండు ఇంజనులును ఆగి, నిశ్శబ్దమైపోయెను. కారణము వినిన నవ్వుదురో ఏడ్తురో! ఆ దేశమున అప్పుడే పౌనుల తూకము పోయి కిలోల తూకము వచ్చుచున్నది. కావలసినది 22,300 కిలోల ఇంధనము. లెక్కలో పొరబడి పోసినది అన్ని పౌనులు, అనగా సగమునకన్న తక్కువ. మనకు శేర్లు పోయి కిలోలు వచ్చినప్పుడు సంతలో జరిగిన జగడములు మీకు జ్ఞాపకముండును. వారికి అది ఆకాశమున జరిగినది.

ఆ విమానపు ప్రధాన చోదకుడు పియర్సన్. ఇంజను లేని గాలిరెక్కల విమానములను సరదాకు నడుపు అలవాటు అతనికి గలదు. సహాయచోదకునకు గిమ్లీ అను పాత సైనిక విమానస్థావరము జ్ఞప్తికి వచ్చెను. తాను సైన్యములో నున్నప్పుడు అచట పనిచేసియుండెను. స్థావరము మూతబడినదని తెలియును, దారి యున్నదని తెలియును. అంతవఱకు జారి పోయిరి. దగ్గరకు వచ్చి చూచుసరికి ఆ దారి మీద ఆ దినము మోటరుకార్ల పందెములు జరుగుచున్నవి, కుటుంబములు గుడారములు వేసికొని యున్నవి! ఇంజను మోత లేనందున ఎవ్వరికిని తెలియలేదు. విమానపు ముందుచక్రము నిలువక, ముక్కు నేలకు రాచుకొనుచు, జనమునకు ఇవతలనే ఆగెను. లోపలి 69 మందియు బ్రతికిరి. క్రిందివారికిని ఏమియు కాలేదు. నాగపూరునందు దొరకనిదియు, గిమ్లీయందు దొరకినదియు ఒక్కటే. దిగదగిన నేల, అది ఉన్నదని ఎరిగిన మనిషి. పగటి వెలుతురు గూడ గిమ్లీవారి పక్షమున నుండెనని ఒప్పుకొనవలెను. పైగా వారికి ఎత్తు దండిగా నుండెను, నాగపూరు చోదకునికి ఆ భాగ్యము లేదు.

దుండిగల్, హకీంపేటలనుండి నేడును శిక్షణ విమానములు మన తెలంగాణమున ఎగురుచునేయున్నవి. 2023 డిసెంబరు 4న మెదకు జిల్లా తూప్రాను దగ్గర అట్టిదొకటి కూలి ఇద్దరు వైమానికులు మరణించిరి. కనుక ఇది పాతకథ మాత్రమే కాదు. ఎన్నడైన మీ ఊరి చెలకలో ఒకటి దిగినచో మొదట చేరునది మీరే, సర్కారు కాదు. పెట్రోలు కారుచుండును, చుట్టబీడీలు దూరముగా నుంచవలెను. ముందుభాగపు పంకా ఆగినట్లున్నను దానియెదుట నిలువరాదు, తాకరాదు. గాయపడినవానిని లాగవలసినది మంట భయము ఉన్నప్పుడే, లేనిచో నీడ కల్పించి వైద్యుని పిలువవలెను. విరిగిన ముక్కలను గుఱుతుకని ఇండ్లకు కొనిపోరాదు. ఏ ముక్క ఎచట పడెనో అన్నదానినిబట్టియే కారణము తేలును. ఇది నేను ప్రత్యేకముగా చెప్పుచున్నాను, ఏలయన మన పిల్లలు ఇనుపముక్కను విడిచిపెట్టరు.

తాతగారి మాట చెప్పి సెలవు తీసికొందును. 1954 వేసవిలో మా చెరువు ఎండినప్పుడు ఒక సాయంకాలము ఆయన నన్ను వెంటబెట్టుకొని శికములోనికి దిగిరి. తూముదగ్గరనుండి అలుగు వైపునకు అడుగులు లెక్కించుచు నడచిరి. ఏడువందల ముప్పది అయినవి. నడుమ ఒక తుమ్మచెట్టు, పాత దిగుడుబావి యొకటి. ఆ బావియొద్ద నిలిచి చాలసేపు పైకి చూచిరి. "గీ బాయి ఒక్కటి లేకపోతే దిగుతుండె బిడ్డా" అనిరి. ఆ ఏడు ఆయన జీతగానిని పెట్టి ఆ బావిని పూడ్పించిరి. ఎందుకని ఊరివారడిగినచో, మేకపిల్లలు పడుచున్నవని చెప్పిరి.